బుల్లెట్టు బండీ, చీర చెంగూ

మా ఇంట్లో ఇడ్లీలు వేసి మూడు నెలలైంది. పిండి లేక కాదండీ, రేకులు లేక. నాలుగు ఇడ్లీ రేకులూ మా పోర్టికోలో ఉన్నాయి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క రకం నట్లు, బోల్టులు, వాషర్లు. ఏ గుంటలోవి ఎక్కడ బిగించాలో మావాడు ఒక నోటుబుక్కులో బొమ్మలు వేసి మరీ రాసుకున్నాడు. "అమ్మా, వాటిని కదపకు" అని రోజుకి రెండుసార్లు హెచ్చరిక. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్న కుర్రాడు, చదువు మీద ఇంత శ్రద్ధ ఏనాడైనా పెట్టినట్టు నాకు గుర్తులేదు.

ఆ నట్లూ బోల్టులూ మా నాన్నగారి బుల్లెట్ మోటారు సైకిలువి. 1969లో తయారైన బండి అది. నాన్నగారు 1974లో సెకండ్ హాండులో కొన్నారు. ఇరిగేషన్ శాఖలో ఓవర్సీరుగా కృష్ణా డెల్టా కాలువ గట్ల మీద పాతికేళ్లకు పైగా దానిమీదే తిరిగారు. ఆయన పోయాక ఆరేళ్లపాటు గోనెపట్టా కప్పుకుని తెనాలిలో పెరటి వసారాలో ఉండిపోయింది. కిందటి వేసవిలో మావాడు లారీమీద వేయించి హైదరాబాదు తెచ్చాడు. "తాతయ్య బండిని మళ్లీ ఒరిజినల్‌గా చేస్తానమ్మా" అన్నాడు. మనవడికి అంతటి కోరిక కలిగితే కాదనేదెవరు? సరేనన్నాను.

ఆ 'ఒరిజినల్' అన్న మాట దగ్గరే చిక్కొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ పోర్టికోలోకి వచ్చింది. మూలనున్న పాత ఇనుము గోతాంలో చెయ్యిపెట్టి ఒక వస్తువు పైకి లాగింది. వెనక చక్రానికి ఎడమ పక్కన ఉండే చీర గార్డు. సన్నని ఇనప చువ్వలతో మామిడిపిందె ఆకారంలో అల్లిన తడక లాంటిది.

"ఇదేమిట్రా, ఇందులో పడేశావు?"

"అది ఒరిజినల్ కాదు అమ్మమ్మా. ఎవరో లోకల్‌గా వెల్డింగు చేయించారు. కంపెనీ ఫొటోలో చూడు, లేదు" అంటూ వాడు ఫోనులో బొమ్మ చూపించాడు. ఇంగ్లండులో ఏదో పచ్చిక బయలు ముందు నిలబెట్టిన 1950ల నాటి బుల్లెట్. నిజమే, దానికి చీర గార్డు లేదు. అక్కడ చీరా లేదు.

మా అమ్మ ఇంకేం మాట్లాడలేదు. దాన్ని పమిట చెంగుతో తుడిచి, లోపలికి పట్టుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది.

నాకు మనసు కలుక్కుమంది. అసలు ఈ బండికి 'ఒరిజినల్' అంటే ఏమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. నవలలు రాసేదానికి మోటారు సైకిలు చరిత్ర ఎందుకని మావారు నవ్వారు గానీ, అందులో ఒక ఆడకూతురి కథంత కథ ఉందండీ.

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊరు. ఆ ఊరికి మొదట పేరొచ్చింది మోటారు సైకిళ్ల వల్ల కాదు, సూదుల వల్ల. అవును, మనం జాకెట్టుకి హుక్కులు కుట్టుకునే సూదులే. పందొమ్మిదో శతాబ్దంలో అక్కణ్ణించి ప్రపంచం నలుమూలలకీ సూదులు వెళ్లేవి. అలాంటి ఒక సూదుల కార్ఖానా, జార్జి టౌన్‌సెండ్ అనే ఆయన పేరిట ఉన్నది, 1880లలో సైకిళ్ల తయారీలోకి దిగింది. 1891లో ఆ వ్యాపారం ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్ అనే ఇద్దరి చేతుల్లోకి వచ్చింది. వాళ్లకి ఎన్‌ఫీల్డ్ అనే చోటనున్న ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి తుపాకీ విడిభాగాలు చేసిపెట్టే పని దొరికింది. ఆ గౌరవం కొద్దీ 1893లో తమ సైకిళ్లకి 'రాయల్ ఎన్‌ఫీల్డ్' అని పేరు పెట్టుకున్నారు. 'తుపాకీలా తయారైనది' అన్న ప్రకటన కూడా అందులోంచి వచ్చిందే. 1901లో మొదటి మోటారు సైకిలు చేశారు. 1932లో 'బుల్లెట్' అన్న పేరు పుట్టింది. సూది నుంచి తుపాకీగుండు దాకా వచ్చిందన్నమాట ప్రయాణం!

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బుల్లెట్‌కి కొత్త రూపం ఇచ్చారు. వెనక చక్రానికి స్ప్రింగులున్న ఊగే చేతుల అమరిక పెట్టారు. గతుకుల్లో వెనకున్న మనిషి నడుం విరగకుండా కాపాడేది ఆ అమరికే. సరిగ్గా అప్పుడే స్వతంత్ర భారతదేశపు సైన్యానికి సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి గట్టి బండి కావలసి వచ్చింది. మద్రాసు మోటార్స్ అనే కంపెనీ 1949 నుంచి బుల్లెట్లు తెప్పించింది. సైన్యానికి బండి నచ్చింది. 1955లో రెడ్డిచ్ వాళ్లూ, మద్రాసు వాళ్లూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. మద్రాసుకి ఉత్తరాన తిరువొట్టియూరులో కర్మాగారం లేచింది. మొదట ఇంగ్లండు నుంచి విడిభాగాలు వస్తే ఇక్కడ బిగించేవారు. 1957లో అచ్చులూ పనిముట్లూ కూడా కొనుక్కున్నారు. 1962 నాటికి విడిభాగాలన్నీ మన దేశంలోనే తయారవుతూ బండి పూర్తిగా మనదైంది.

అత్తవారింట కూతురు నిలదొక్కుకుంది గానీ, ఈలోగా పుట్టిల్లు చితికిపోయింది. 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీయే ఆగిపోయింది. ఆ తరవాత 1977లో మన మద్రాసు బుల్లెట్లే ఓడలెక్కి ఇంగ్లండుకి ఎగుమతి అయ్యాయి. పుట్టింటికి కూతురే సారె పట్టుకెళ్లినట్టు! 1994లో ఈ కంపెనీని ఐషర్ వాళ్లు తీసుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. మా బండి 1969లో తిరువొట్టియూరులో పుట్టింది. అప్పటికి రెడ్డిచ్ మూతపడి రెండేళ్లు. మావాడు పట్టుకున్న ఆ ఇంగ్లండు ఫొటోకీ మా బండికీ ముఖపరిచయం కూడా లేదు. పుట్టనే లేని ఊరి పోలిక దీనికి తెప్పించాలని వాడి తాపత్రయం.

సైన్యం కోసం ఎంచుకున్న బండి గదా, దాన్ని నడిపేది సిపాయి, వెనక కూర్చునేదీ సిపాయే. ఇద్దరూ ప్యాంట్లు వేసుకుని చెరో పక్కా కాళ్లు వేసి కూర్చునేవాళ్లే. ఆ బండి సైన్యం నుంచి ఓవర్సీర్లకీ, పోలీసులకీ, మోతుబరి రైతులకీ వచ్చేసరికి వెనక సీటు మీదికి చీర వచ్చింది. ఆరుగజాల చీర, ఎడమవైపుకి రెండు కాళ్లూ, ఒడిలో పిల్లాడు, చేతిలో సంచీ. పక్కనే గిరగిర తిరిగే చక్రం, గొలుసు.

చక్రానికీ గుడ్డకీ ఉన్న వైరం పాతదే. 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే జగత్ప్రసిద్ధ నర్తకి మెడలోని పొడవాటి పట్టు శాలువా కారు చక్రంలో చిక్కుకుని ఆమె ప్రాణమే తీసింది. మా అమ్మ అదృష్టవంతురాలు, చేత్తో పోయింది.

ఆ సంగతి నాకు ఆ ఆదివారం రాత్రే తెలిసింది. 1978లో, నేను పుట్టడానికి రెండేళ్ల ముందు, పిన్ని పెళ్లినుంచి వెంకటగిరి చీరలో తిరిగొస్తోందిట. కాలువ గట్టు మీద గాలికి పమిట చెంగు చక్రంలో పడింది. ఒక్క లాగుడు. కిందపడితే మోచెయ్యి ఎముక విరిగింది. రెండు నెలలు పుత్తూరు కట్టు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాచలేదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను గానీ, అమ్మ చెయ్యే అంత అనుకున్నాను. ఎందుకలా ఉందని ఒక్కనాడూ అడగలేదు.

"మీ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, తను ఒక్క మాట చెప్పుకోలేదు" అంది అమ్మ. "కట్టు విప్పిన మర్నాడు బస్టాండు పక్కన వెల్డింగు కొట్టుకి వెళ్లి, గచ్చుమీద సుద్దముక్కతో మామిడిపిందె గీసి, ఇలా వంచమన్నారుట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారుట. పెళ్లయ్యాక ఆయన నాకు చేయించిన మొదటి నగ అదేనే. తులాల్లో కాదు, కిలోల్లో."

నవ్వుతూనే అంది. నేనే నవ్వలేకపోయాను.

చట్టానికి ఈ తెలివి తరవాత వచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదివాను. వెనక సీటున్న ప్రతి మోటారు సైకిలుకీ పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. నిబంధనలో 'చీర' అన్న మాట లేదు, 'బట్టలు' అనే ఉంది. అయినా ఆ వాక్యం వెనక ఎందరి మోచేతులున్నాయో మనకి తెలీదా? మా నాన్నగారి సుద్దముక్క ఆ నిబంధనకంటే పదకొండేళ్లు పెద్దది.

ఇవన్నీ మావాడికి చెప్పాను. వాడు తల వంచుకుని స్పోకులు తుడుస్తూ విన్నాడు. వాడికీ ఒక గాయం అప్పటికే తగిలి ఉంది లెండి. పెట్రోలు ట్యాంకుని రంగుకిచ్చినప్పుడు, దానిమీది బంగారు గీతలు చేత్తో కుంచెపట్టి గీసినవనీ, ముట్టుకోవద్దనీ చెప్పడం మరిచాడు. షాపువాడు శుభ్రంగా గీకి నున్నగా చేసి ఇచ్చాడు. అరవై ఏళ్ల కిందట కాకపోయినా యాభై ఏళ్లకు పైబడ్డ గీత, తిరువొట్టియూరులో ఎవరిదో చెయ్యి వణక్కుండా గీసిన గీత, ఒక్క పూటలో పోయింది. మళ్లీ గీయించవచ్చు, కానీ అది ఆ గీత కాదు.

వాడి స్నేహితులు మరో దారి చెప్పారు. వెనక మడ్‌గార్డు కోసెయ్యి, హాండిలు ఎత్తు చేయించు, సైలెన్సరు మార్చెయ్యి అని. దానికి చట్టం ఒప్పుకోదు. కంపెనీ తయారుచేసిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఇంకొకడు వింటేజి రిజిస్ట్రేషను మాట ఎత్తాడు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరిస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. మావాడు గబగబా చదివి, "అమ్మమ్మా, నీ గార్డు ఈ మూడింట్లోనూ లేదు!" అని గంతేశాడు. తరవాతి వాక్యం చదివి చల్లబడ్డాడు. ఆ నంబరుతో బండిని రోజువారీ పనులకి రోడ్డుమీద తిప్పకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ మాత్రమే.

"తిరగని బండి ఎందుకురా? బొమ్మల కొలువులో పెట్టుకోనా?" అంది మా అమ్మ.

తీర్పు అక్కడితో అయిపోయింది. నాన్నగారు ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయిస్తూ వచ్చిన పాత నంబరునే ఉంచాలని నిశ్చయమైంది.

ఇంజను బిగించడం నేనూ దగ్గరుండి చూశాను. సిలిండరు 70 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ కిందికీ పైకీ నడిచే దారి 90 మిల్లీమీటర్లు. ఆ పొడుగు నడకవల్లే బుల్లెట్‌కి ఆ నింపాదైన 'డుగు డుగు' నడక. ట్యాపెట్లు సరిచేయడానికి కొలత పరికరం కూడా అక్కర్లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్డుని వేళ్లతో పట్టుకుంటే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదలకూడదు. పాకం తీగ చూసినట్టే, వేళ్లకి తెలియాలి.

కిక్కు కొట్టడం మాత్రం మా అమ్మ నేర్పింది! ఆవిడ ఎన్నడూ కొట్టలేదు. కానీ పక్కన నిలబడి ఎన్ని వందలసార్లు చూసిందో. "అలా తన్నకురా, మీద తిరగబడి కాలు విరుస్తుంది. తాళం తిప్పి మెల్లిగా నొక్కు. ఆ అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చిందా? ఇప్పుడు ఆ చిన్న లీవరు పట్టుకుని ఇంకాస్త తొయ్యి. వదిలెయ్. ఇప్పుడు తన్ను."

నాలుగో తన్నుకి మా వీధి వీధంతా మోగింది. ఆరేళ్ల తరవాత విన్న ఆ చప్పుడుకి నా కళ్లు గేటు వైపు తిరిగాయి, నాన్నగారు వస్తున్నట్టు.

మంచం కిందనుంచి గార్డు బయటికొచ్చింది. తుప్పు గీకారు గానీ వెల్డింగు బొడిపెలు అలాగే ఉంచారు. బిగించాక, డెబ్బైరెండేళ్ల మా అమ్మ హెల్మెట్టు పెట్టుకుని, చెంగు నడుముకి దోపి, ఎడమ పక్కకి తిరిగి కూర్చుంది. వీధి చివర వినాయకుడి గుడి దాకా వెళ్లి వచ్చారు. వచ్చాక నేను అడక్కుండానే చెప్పింది, "చువ్వలు వదులుగా ఉన్నాయి, ఆ కింది నట్టు బిగించమను" అని.

ఇడ్లీ రేకులు నిన్ననే నా వంటింటికి తిరిగొచ్చాయి. చింతపండుతో తోమాను, సబ్బుతో తోమాను, వేణ్ణీళ్లలో మరిగించాను. డీజిల్ వాసన పోవడం లేదు. మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.