వకీలు లేకుండా విచారణా?



మా ధవళేశ్వరంలో ఆడవాళ్ళం కలిస్తే గోదావరి నీళ్ళ సంగతీ, పిల్లల చదువుల సంగతీ మాట్లాడుకుంటాం గాని కోర్టు మాటెత్తం. "ఆ గుమ్మం మనకెందుకమ్మా" అంటాం. కానీ పక్కనున్న రాజమండ్రిలో ఆడవాళ్ళకూ జైలుంది. అందులో ఉన్నవాళ్ళూ ఎవరో ఒకరి తల్లులూ, అక్కచెల్లెళ్ళే కదా! నేరం మోపినప్పుడు ప్లీడరుకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేకపోతే ఏం గతి? ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడిన కొందరికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్ష వేశాయి. 1951లో ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంగ్లండు నుంచి ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాదించారు. విచారణలో మా తరపున వకీలే లేడన్నది వాళ్ళ మొరల్లో ఒకటి. వకీలు లేనంత మాత్రాన ప్రతి ఉరికేసు విచారణా చెల్లకుండా పోదని కోర్టు తేల్చింది. వకీలును పెట్టుకోవచ్చు, కానీ సర్కారే పెట్టాలని లేదు. భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి వేసినట్టన్న మాట! తర్వాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయనుకోండి.

ఆ విస్తట్లో అన్నం పడడానికి చాలా ఏళ్ళు పట్టింది. సెషన్సు కేసుల్లో స్తోమత లేని ముద్దాయికి సర్కారు ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 1976లో ఉచిత న్యాయ సహాయం రాజ్యాంగంలోకి ఎక్కింది. బీహారు జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల గురించి పత్రికలో చదివి, కపిలా హింగోరాణీ అనే న్యాయవాది సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆమె మన ఆడపడుచే సుమండీ! పేద ముద్దాయికి ఉచితంగా వకీలు దొరకడం హక్కేనని 1979లో కోర్టు ఆ కేసులో చెప్పింది. ముద్దాయి అడగలేదని ఊరుకోకూడదు, ఆ హక్కు ఉందని మేజిస్ట్రేటే చెప్పాలని 1986లో మరో కేసులో తేల్చింది.

మరి ఈ సహాయానికి అర్హులెవరు? 1987లో చట్టం చేసి, 1995 నవంబరు 9 నుంచి అమలులో పెట్టారు. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, ఇంకా రాబడి తక్కువైనవారు అందులో ఉన్నారు. వీరితోపాటు స్త్రీలు. పేద స్త్రీలని కాదు, స్త్రీలందరూ! రాబడి లెక్క మనకు లేదు.

"మా ఆయనకు ఉద్యోగం ఉంది, నాకెవరిస్తారు?" అనుకోకండి. ఇంట్లో బీరువా నిండుగా ఉన్నా, తాళం మన కొంగున ఉండాలి కదా! భర్త సంపాదన భార్య చేతి సొమ్మని ఈ చట్టం అనుకోలేదు. అదే నాకు ఎంతో నచ్చింది.

ఇంకొక్క మాట. కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదించేది సర్కారు తరపున. ముద్దాయి తరపు మనిషి వేరే కావాలి. అందుకోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వాలి. జైలులో ఉంటే అధికారి ద్వారా పంపవచ్చు. చదువు రాకపోతే నోటిమాటగా చెప్పినా రాసుకుంటారు. 15100కు ఫోనూ చేయవచ్చు.

ఈ సంగతి మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి. ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో! సెలవు.