బార్డర్ లాడ్జి

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, బాగేపల్లి దాటి హైదరాబాద్ దిక్కు పోయే పాత రోడ్డు పక్కనుండే లాడ్జిని చూసి వస్తిమి. చిన్నప్పుడు మమ్మల్ని ఆ పక్కకే పోనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు బార్ ఉన్న హాలులో పాత టైర్లు పేర్చినారు. మిద్దెమీద గదులకు తలుపులు లేవు. గోడమీద బోర్డు మాత్రం ఉంది, కన్నడం చిన్నగా, తెలుగు పెద్దగా. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది కన్నడం. మాకోసమైతే కన్నడం బోర్డు చాలు. ఆ తెలుగు గడి ఆవల నుంచి వచ్చేవాళ్లకు.

వాళ్లు ఎందుకు వచ్చినారో చెప్పాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట దాకా పోవాల. అక్కడ ఆడవాళ్లు సారాయి మీద తిరగబడిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ఆంధ్రలో సారాయి నిషేధించినారు. ఎన్టీఆర్ గెలిచి వచ్చినాక 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే బంద్. ఆ చట్టం కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయె. ఇవతల మైసూరు సీమలో బ్రాందీ అంగళ్లు ఎప్పటిమాదిరే తెరిచి ఉన్నాయి. హిందూపురం, కదిరి పక్కనుంచి బస్సుల్లో, లారీల్లో మనుషులు దిగేవాళ్లని మా పెద్దవాళ్లు చెప్తారు.

కింద తాగేది, పైన ఆడేది. రమ్మీలో తెలివి కూడా ఉందని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, అదీ ఆంధ్ర కేసులోనే. కానీ ఆ పై గదుల్లో ఆడింది రమ్మీ కాదు, లోనా బయట. దాంట్లో తెలివికి పనేముంది?

ఇది రాయాలా వద్దా అని ఇంట్లో చానా మాట్లాడుకొంటిమి. చిన్నమ్మే రాయమనె. చింతామణిలో చెనిక్కాయలు అమ్ముకొని వస్తూ మా చిన్నాయన ఆ లాడ్జి ఎక్కినాడు. ఒక్కసారితో నిలవలేదు. రెండేండ్లలో చెరువు కింద మడి పాయె, చిన్నమ్మ గాజులు పాయె. ఆయన ఆంధ్రావాడు కాదు, తాగడానికి గడి దాటే పనీ లేదు. అయినా ఆ గుంపు లేకుంటే అక్కడ ఆట నడిచేది కాదు.

దూబగుంట గురించి పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. అది గొప్పదే. కానీ అక్కడ మూసిన అంగడి గిరాకీ ఎవరి వాకిట్లోకి వచ్చిందో ఆ పుస్తకాల్లో మాకు కనపడలేదు. చిన్నమ్మకు ఆ కథంతా చెప్తే, "వాళ్లు తరిమినారు సరే, అది మా ఇంటికి వచ్చె కదరా" అనె.

1997లో ఆంధ్రలో నిషేధం సడలించినారు. లాడ్జికి సగం ఊపిరి అప్పుడే పాయె. రోడ్డు నాలుగు వరసలై బండ్లు ఊరు బయటనుంచే పోతుంటే మిగిలిన సగమూ పాయె.

ఈ ఫోటోలు అమెరికాలో ఉండే మా బావకు పంపితే ఆయన ఇంకో ఫోటో పంపె. కాలిఫోర్నియా నుంచి లాస్ వేగస్ పోయే దోవలో, నెవాడా గడి దాటగానే ఎడారిలో ప్రిమ్ అనే చోటు. అక్కడ విస్కీ పీట్స్ అనే కాసినో హోటలు 1977లో తెరిచినారంట, 2024 డిసెంబరులో మూసినారు. కాలిఫోర్నియాలో కుదరని జూదం గీత దాటగానే కుదురుతుందనే అది బతికింది. 2000 నుంచి కాలిఫోర్నియాలోనే ఆదివాసీ తెగల కాసినోలు పెరిగె. ఇంక అంతదూరం పోయి అక్కడ ఆగేదెవరు? మన లాడ్జి దానిముందు పిట్టగూడే, కానీ పుట్టుక ఒకటే.

ఇంటికి వచ్చినాక చిన్నమ్మ ఒకే మాట అడిగె, పైకి పోయే మెట్లు ఇంకా ఉన్నాయా అని. బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఒక రాత్రంతా ఆమె ఆ మెట్లమీద కూర్చొని ఉండె. ఉన్నాయని చెప్తిమి.