నీరు పల్లమెరుగు

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని బళ్లో పిల్లలకి సామెత చెప్తుంటాను. నీరు పల్లమెరుగుద్ది, సరే. ఆ పల్లంలో ఎవరు ఇల్లు కట్టుకోవాలో తేల్చిందెవరు? దేవుడా, ఊరా?

మా అమ్మమ్మ ఊరు యలమంచిలి అవతల, శారదా నది ఒడ్డున. మాడుగుల కొండల్లో పుట్టి, అనకాపల్లి పక్కగా పారి, రాంబిల్లి దగ్గర సముద్రంలో కలిసే ఏరది. ఊరు మెరక మీద, మా పేట గట్టు కింద. ఊరు మునిగిన వరదల్ని వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. మా పాకల్లోకి నీళ్లు రాని ముసురు లేదు. "ఏరొచ్చీసింది" అని కేక వినబడితే అమ్మమ్మ ముందు బియ్యం కుండ ఎత్తుకునేది. "పిల్లలు నడిచొత్తారు, బియ్యం నడవ్వు కదా" అనేది.

2012లో నీలం తుపాను తీరం దాటింది ఎక్కడో మహాబలిపురం దగ్గర. కానీ నవంబరు మొదట్లో దాని వానలు మా జిల్లాని ముంచాయి. ఆసారి ఊళ్లోకీ నీళ్లొచ్చాయి. నేను మల్కాపురం నుంచి వెళ్లేసరికి అందరూ బళ్లో ఉన్నారు. ఊరోళ్లు గదుల్లో, మా పేటోళ్లు వరండాలో. వరద కలిపినోళ్లని కులం మళ్లీ విడదీసింది.

తర్వాత నష్టం రాయడానికొచ్చారు. పొలం ఎవరి పేరునుందో వాళ్లకే నష్టం. నలభై ఏళ్లు ఆ పొలంలో నాట్లేసిన అమ్మమ్మని "నీకేటి పోయిందే?" అని అడిగారు.

"నెల్రోజుల కూలి పోయింది బాబూ."

ఆ కాగితంలో కూలికి గడి లేదు.

ఇది ఒక్క శారద కథ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. ఎక్కువమంది పాకల్లో బతికే కూలోళ్లు, జాలర్లు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో పంట మునిగితే పెట్టుబడి పోయింది కౌలుదారుకి, పని పోయింది కూలోడికి. పట్టా మాత్రం ఇంకొకడిది.

ఏరూ ఆకలీ తరిమితేనే మా నాయన మల్కాపురం వచ్చాడు. ఉప్పుటేటి చిత్తడిని తవ్వి, పూడ్చి 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా ఓడల కార్ఖానాకి పునాది పడింది. 1957లో కాల్‌టెక్స్ చమురుశుద్ధి వచ్చింది. వీటి చుట్టూ కూలి బతుకులు చేరాయి. ఊరి పల్లంలోంచి పట్నం పల్లంలోకొచ్చాం. వానొస్తే ఇక్కడా కాలవ ముందు మా గుమ్మమే తొక్కుద్ది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుందని సైన్సు చెప్తోంది. అందుకే కురిస్తే కుంభవృష్టి. ఆ వేడికి మూలం బొగ్గు, చమురు. మా నాయన ఆ బొగ్గుని మోశాడు గానీ దాంతో మేడలు కట్టలేదు. అమ్మమ్మ ఇంట్లో ఉన్నది ఒక్క బల్బు. వేడి చేసినోడు ఒకడు, మునిగేది మేము.

విద్యార్థులారా, ఈ చరిత్ర ఏ పాఠంలోనూ లేదు. మీ మీ పేటలకెళ్లండి. గోడ మీద నీటి చార ఎంత ఎత్తుందో కొలవండి. దాని కింద ఎవరి ఇళ్లున్నాయో, ఎవరికి సాయం అందిందో రాయండి. ఆ కాగితాలు పట్టుకుని మెరక మీద ఇళ్ల స్థలాలడుగుదాం, నష్టం జాబితాలో కూలికి గడి అడుగుదాం. అమ్మమ్మ చెప్పిన జవాబు అక్కడ రాయాలి.