సముద్రంలో పడ్డ రాకెట్

మా తడలో రాకెట్ చూడాలంటే టిక్కెట్టు అక్కర్లేదు, మేడ ఎక్కితే చాలు. తూర్పున వెలుగు లేచిన నిమిషం దాటాక గాని దాని ఉరుము మన చెవిన పడదు. ఈలోగా వంటింట్లో పాలు పొంగిపోతాయి. ఇన్నేళ్ళుగా ఇలా పాలు పొంగించుకుంటూ చూసిన నేను, శ్రీహరికోట మ్యూజియంలో మాత్రం మొన్నటిదాకా అడుగుపెట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు!

మా అమ్మాయి ఇంటర్‌లో లెక్కలు తప్పింది. వారం రోజులుగా దానికీ నాకూ మాటల్లేవు. ఇంట్లో మూతులు ముడుచుకు కూర్చోడం కంటే నయమని మావారు ఇద్దర్నీ బయల్దేరదీశారు. సూళ్లూరుపేటలో తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు. అటూ ఇటూ నీళ్ళే.

ఈ దీవిని 1969లో ఎంచుకున్నారు. తూర్పున సముద్రం; భూమి తిరిగేదీ తూర్పుకే గనక రాకెట్‌కు ఆ ఊపు కలిసొస్తుంది. పొరపాటున పడినా నీళ్ళలో పడుతుంది, ఊళ్ళ మీద కాదు. 1971 అక్టోబరు 9న ఇక్కణ్ణించి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది.

మ్యూజియంలో అన్నీ చూస్తూ వెళ్ళినా, ఎస్.ఎల్.వి.-3 కథ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. ఇరవైరెండు మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. 1979 ఆగస్టు 10న తొలిసారి వదిలారు. రెండో అంచెలో వాల్వు మొరాయించి ఆమ్లం కారిపోయింది. కాసేపటికే అంతా సముద్రంపాలు! ఆ పనికి పెద్ద అబ్దుల్ కలాం గారు. కానీ విలేఖరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆరోజు మాత్రం ఆయన తాను తప్పుకుని, విలేఖరులతో మాట్లాడమని కలాం గారిని పంపారు. కలాం గారే ఈ సంగతి చాలాసార్లు చెప్పారు. 2002లో ధావన్ గారు పోయాక ఈ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఫలితాలొచ్చిన రోజు పక్కింటావిడతో నేనేమన్నాను? "అంతా దాని బద్ధకం" అన్నాను, అది వింటుండగానే.

"అమ్మా, వీళ్ళూ సప్లిమెంటరీ రాశారన్నమాట!" అంది అమ్మాయి. వారం తరవాత మొదటి మాట.

"పదకొండు నెలలు కష్టపడి" అన్నాను.

ఇల్లు చేరేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. "ఏందక్కా, పాప మళ్ళీ కడతాందా?"

"కడుతుంది. ఈసారి నేనూ దగ్గర కూర్చుంటాను. అప్పుడు పట్టించుకోంది నేనే" అన్నాను, అమ్మాయికి వినపడేలా.