రోమం నుంచి కుంచె వరకు

విజయవాడ సమీపంలోని కొండపల్లిలో తెల్ల పొణికి బొమ్మలకు రంగులద్దే సన్నని కుంచెలను సంప్రదాయంగా మేక వెంట్రుకలతో కట్టేవారు. ఇంత చిన్న పనిముట్టుకు చరిత్ర ఏముంటుందని మీరు అనుకోవచ్చు. దీనికి దగ్గర బంధువైన షేవింగ్ బ్రష్‌ను పరిశీలించండి.

దాని తయారీలో జంతు రోమాన్ని కడిగి, దువ్వి, నూగు తొలగించి, కొసలన్నీ ఒకవైపు పేర్చి, పొడవును బట్టి వేరుచేస్తారు. కత్తిరించిన కొస గుచ్చుకుంటుంది కాబట్టి సహజంగా సన్నబడిన కొసకే విలువ ఎక్కువ. ఇది శ్రేణీకరణ.

శుద్ధి వేరు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రష్యా బ్యాడ్జర్ రోమం జర్మనీలో శుద్ధి అయి ఇతర దేశాలకు చేరేది. 1914లో మొదలైన యుద్ధం ఆ దారిని మూసివేసింది. తయారీదారులు చైనా, సైబీరియాల గుర్రపు వెంట్రుకలవైపు మళ్లారు. సరిగా శుద్ధి చేయని వెంట్రుకల్లోని ఆంత్రాక్స్ క్రిములు గడ్డం గీసుకున్నప్పుడు పడిన గాట్ల ద్వారా శరీరంలో ప్రవేశించి, సైనికులను, పౌరులను బలిగొన్నాయి. 1920లో బ్రిటన్ జపాన్ షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది.

రోమం శ్రేణి చేతికి తెలుస్తుంది, శుద్ధి తెలియదు. అందుకే మొదటిది పనివాని నైపుణ్యానికి, రెండవది చట్టానికి సంబంధించిన విషయమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వాణిజ్య మార్గం మారితే ప్రజారోగ్యం ఎలా ప్రభావితమవుతుందో ఈ ఉదాహరణతో వివరించండి.