హెచ్‌పీవీ టీకా: నర్సింగ్ విద్యార్థుల అవగాహన, వైఖరి

హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) గురించి నర్సింగ్ విద్యార్థులకు ఎంత తెలుసు, దాని టీకాను తాము వేయించుకోవడానికీ ఇతరులకు చెప్పడానికీ ఎంత సిద్ధంగా ఉన్నారన్నది ప్రజారోగ్య పరిశోధకులు తరచూ పరిశీలించే అంశం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో 2022లో సుమారు 1.27 లక్షల మంది స్త్రీలలో కొత్తగా బయటపడిందని, దాదాపు 80 వేల మందిని బలిగొందని ప్రపంచ క్యాన్సర్ గణాంకాల నివేదిక గ్లోబోకాన్ అంచనా. ఇంత ప్రాణనష్టాన్ని చాలావరకు ఆపగల టీకా ఉన్నప్పుడు, రేపు దాన్ని వేయబోయే చేతులకు అది ఏమిటో తెలిసి ఉండాలి.

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. ఈ వైరస్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. టీకాలో వైరస్‌కు సంబంధించి ఉండేది దాని పైపొర ప్రొటీన్ మాత్రమే. అందులో వైరస్ జన్యుపదార్థం లేదు కాబట్టి దానివల్ల ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశమే లేదు.

విద్యార్థుల సర్వేల్లో తరచుగా కనిపించేది అవగాహనలోని ఎగుడుదిగుడు. క్యాన్సర్ పేరు, పాప్ స్మియర్ (ముఖద్వార కణాల పరీక్ష) పేరు పాఠంలో చదివే ఉంటారు. ఈ వైరస్ మగవారికీ సోకుతుందని, గొంతు, మలద్వార క్యాన్సర్లకూ దారితీస్తుందని తెలిసినవారు తక్కువ. టీకా మంచిదే అన్నవారిలోనూ తాము వేయించుకున్నవారు కొందరే. ఖర్చు, దుష్ఫలితాల భయం, పెళ్లికాని అమ్మాయికి ఇదెందుకన్న ఇంటివాళ్ల మాట అడ్డుపడతాయి. లైంగిక సంబంధం మొదలుకాకముందే వేస్తే టీకా బాగా పనిచేస్తుంది. అంటే ఇంట్లో వినిపించే ఆ అభ్యంతరమే తలకిందులైనది. దాన్ని నొప్పించకుండా విడమరచి చెప్పడం పాఠ్యపుస్తకంతో వచ్చే విద్య కాదు.

ఈ నేర్పు లేకపోతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూపింది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఆ జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు పాత్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ ప్రయోగాత్మకంగా టీకా వేయించింది. వారిలో చాలామంది గిరిజన బాలికలు, వసతిగృహాల్లో ఉంటున్నవారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలపై వేసిన విచారణ సంఘం వాటికి టీకాతో సంబంధం లేదని భావించింది. అయితే ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. టీకా మీద అపనమ్మకం ఏళ్ల తరబడి మిగలడానికి, నా దృష్టిలో, టీకా కన్నా ఆ సంతకాలే పెద్ద కారణం. పిల్ల తల్లిని కూర్చోబెట్టి విషయం చెప్పవలసిన చోట ఎవరూ ఆ పని చేయలేదు.

టీకా కార్యక్రమం అలా నిలిచిపోవడం వల్ల వైద్యశాస్త్రానికి అనుకోని ఆధారం దొరికింది. అదే సమయంలో దేశంలో వేరుగా నడుస్తున్న ఒక అంతర్జాతీయ పరిశోధన కూడా ఆగిపోయి, దాదాపు 5 వేల మంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలారు. పదేళ్ల పరిశీలనలో 16, 18 రకాల దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ నుంచి వారికీ రెండు, మూడు డోసులవారితో సమానంగా రక్షణ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు పద్ధతిని అంగీకరించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇదొకటి. ఆ తర్వాత, 2023 జనవరిలో, సీరం ఇన్‌స్టిట్యూట్ వారి దేశీయ టీకా సెర్వావాక్ విడుదలైంది.

ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ విద్యార్థుల్లో ఎక్కువమంది 17-22 ఏళ్లవారు. అంటే వారు టీకా గురించి చెప్పేవారే కాదు, వేయించుకునే వయసులో ఉన్నవారు కూడా. కళాశాలలోనే టీకా అందుబాటులో ఉంచి, వీఐఏ (ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే) పరీక్ష చేయడం, తల్లిదండ్రులతో మాట్లాడడం క్లినికల్ శిక్షణలో భాగం చేయడం అవసరం. టీకా అన్ని రకాల హెచ్‌పీవీని ఆపదు కాబట్టి, వేయించుకున్నవారికీ 30 ఏళ్లు వచ్చాక ముఖద్వార పరీక్ష తప్పదన్న సంగతి ఆ శిక్షణలోనే చెప్పాలి.