టీఈఏ5767

టీఈఏ5767 అనేది ఎఫ్.ఎం. రేడియో ప్రసారాలను అందుకొని స్టీరియో శబ్దంగా మార్చే ఒక సమీకృత వలయం, అనగా చిప్. దీనిని ఫిలిప్స్ సెమీకండక్టర్స్ రూపొందించింది. ఆ విభాగమే 2006లో ఎన్‌ఎక్స్‌పీ అనే పేరుతో వేరే సంస్థగా ఏర్పడింది. ఇది 76 నుండి 108 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలను అందుకోగలదు. చిప్‌కు సొంతంగా మీటలు గాని, తెర గాని లేవు. ఏ స్టేషనుకు శ్రుతి కావలెనో ఒక మైక్రోకంట్రోలర్ దానికి వరుస సమాచార పద్ధతిలో తెలియజేయాలి.

== అనుసంధానం ==

ఈ చిప్ 2.5 నుండి 5 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తుంది. 40 కాళ్ళున్న అతి చిన్న తొడుగులో వస్తుంది కనుక చేతితో టంకం వేయడం కష్టం. అందువలన విద్యార్థులు సాధారణంగా స్ఫటికంతో సహా చిన్న పలకపై అమర్చిన మాడ్యూల్‌ను వాడుతారు. బస్‌మోడ్ అనే కాలును భూమికి కలిపితే చిప్ ఐ2సీ పద్ధతిని, విద్యుత్తుకు కలిపితే మూడు తీగల పద్ధతిని అనుసరిస్తుంది.

ఐ2సీ కూడా ఫిలిప్స్ 1982లో ప్రవేశపెట్టినదే. ఇందులో సమాచారానికి ఒక తీగ, గడియార స్పందనలకు ఒక తీగ ఉంటాయి. రెండింటినీ 4.7 కిలోఓముల వంటి నిరోధకాల ద్వారా విద్యుత్తుకు కలపాలి. మాడ్యూల్ పైనే అవి ఉంటే మరల అవసరం లేదు. టీఈఏ5767 యొక్క ఏడు బిట్ల చిరునామా 96, పదహారు ఆధారంగా వ్రాస్తే 60.

== ఐదు బైట్లు ==

మైక్రోకంట్రోలర్ చిరునామా తరువాత ఐదు బైట్లను వరుసగా పంపుతుంది. చదివేటప్పుడు కూడా ఐదు బైట్లే వస్తాయి. చాలా ఐ2సీ చిప్‌లలో వలె ఇందులో రిజిస్టరు సంఖ్య అనేది లేదు. తొలిసారి ప్రయత్నించేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొన్ని గ్రంథాలయ ప్రమేయాలు చదవడానికి ముందు రిజిస్టరు సంఖ్యగా సున్నాను పంపుతాయి. చిప్ దానిని తొలి బైటుగా స్వీకరిస్తుంది, దానితో స్టేషను జారిపోతుంది. తీగలన్నీ సరిగానే ఉండి కూడా రేడియో పలకకపోతే ముందుగా అనుమానించవలసినది దీనినే.

== పౌనఃపున్యం లెక్క ==

చిప్‌కు మెగాహెర్ట్జ్ లెక్క తెలియదు, 14 బిట్ల భాజక సంఖ్య మాత్రమే తెలుసు. స్టేషను పౌనఃపున్యానికి మధ్యంతర పౌనఃపున్యమైన 2,25,000 హెర్ట్జ్ కలిపి, 4తో గుణించి, స్ఫటికపు 32,768తో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. ఉదాహరణకు హైదరాబాదు ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మెగాహెర్ట్జ్‌కు 40,85,00,000ను 32,768తో భాగించగా 12,466 వస్తుంది. దీనిని 256తో భాగిస్తే భాగఫలం 48, శేషం 178. ఇవే మొదటి రెండు బైట్లు. మూడవ బైటు 16, స్థానిక డోలకం స్టేషను కంటే పైన ఉండాలని చెబుతుంది. నాలుగవ బైటు 16 స్ఫటికం రకాన్ని తెలుపుతుంది. ఐదవది సున్నా, ఇది ఐరోపాలో వాడే 50 మైక్రోసెకన్ల డీ-ఎంఫసిస్‌ను ఎంచుకుంటుంది. అమెరికాలో 75 వాడుతారు.

పై గుణకారం 16 బిట్ల పూర్ణాంకంలో పట్టదు. ఎనిమిది బిట్ల మైక్రోకంట్రోలర్‌లో 32 బిట్ల చలరాశిని ప్రకటించకపోతే తప్పు సంఖ్య వస్తుంది, అయినా కంపైలర్ హెచ్చరించకపోవచ్చు.

డోలకం పైన ఉన్నప్పుడు, కావలసిన స్టేషనుకు 450 కిలోహెర్ట్జ్ పైనున్న బలమైన స్టేషను ప్రతిబింబంగా చొరబడవచ్చు. అప్పుడు 2,25,000ను కలపడానికి బదులు తీసివేసి, మూడవ బైటులోని 16ను తొలగించి డోలకాన్ని క్రిందికి మార్చాలి.

== తిరిగి వచ్చే సమాచారం ==

చదివిన బైట్లలో శ్రుతి పూర్తయినదా, స్టీరియో ఉన్నదా, సంకేత బలం 0 నుండి 15లో ఎంత అనేవి తెలుస్తాయి. మధ్యంతర పౌనఃపున్య గణన 49కి, 62కి మధ్యలో ఉంటేనే శ్రుతి సరిగా కుదిరినట్లు. బలం ఒక్కటే చూసి స్టేషను దొరికిందనుకుంటే పక్క స్టేషను వద్ద ఆగిపోయే అవకాశం ఉంది.

శబ్ద తీవ్రతను మార్చే ఏర్పాటు చిప్‌లో లేదు, ఆర్‌డీఎస్ సమాచారాన్ని కూడా ఇది విడదీయదు. కాబట్టి వెలుపల ఒక వర్ధకం అవసరం. ఏంటెనాగా సుమారు 75 సెంటీమీటర్ల తీగ సరిపోతుంది. దానిని మైక్రోకంట్రోలర్ గడియారానికి దూరంగా ఉంచాలి.